చేపలకు అమ్మవారు పోసిన ఎండాకాలం

"తాతా, మన ప్రొద్దుటూర్లో గాజుతొట్లో చేపల్ని మొదట సాకిందెవరు?" అంటావా, నీ చేపలతొట్టి కడుక్కుంటా? ఇంకెవరు, మా అక్కే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో... కాదు కాదు, రాజధాని కర్నూలు నించి హైదరాబాదుకు పోయినాక. నేను మద్రాసులో జువాలజీ చదివొచ్చి, ఉద్యోగం లేక అక్కింట్లో తింటాండిన రోజులు. మా బావ ఇంటి ముందర పెట్టిన గుడ్డలంగడి సరుకుకని మద్రాసు పోయి, బిడ్డలు లేరని దిగులుపడే అక్కకోసం ఎర్రచేపలు తెచ్చినాడు. తొట్టి చేసింది జమ్మలమడుగు ఖాసిం మామ, పటాలకు అద్దాలు బిగించేటాయన. చుక్క నీరు కారలా. ఆ పనితనం ఇప్పుడు యాడుందిలే.

ఎండాకాలం మొదట్లో బావ ఇంకో రెండు చేపలు తెచ్చి అందులోనే వదిలినాడు. కొన్నాళ్లకే అన్నిటి ఒంటిమీదా రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటాండాయి. ఒకటి చచ్చి తేలింది. అక్క అన్నం మానేసింది.

నాకు తెలుసు, అది కంటికి కనపడని పురుగు. చేపను వదిలి తొట్టి అడుక్కు దిగి, ఒకటి వందై మళ్లీ ఎక్కుతాది. అడుగు నీళ్లు రోజూ తీసి, ఇంత ఉప్పు వేస్తే పోతాది. అయితే అక్క వాళ్లత్త ఉంది చూడు, అవ్వా అనేటోణ్ణి నేను, ఆమె "అమ్మవారు పోసిందిరా" అనేసింది. తొట్టికి వేపమండలు కట్టి, ముందర పెరుగన్నం పెట్టి, ఆడే కూసుంది. అమ్మవారు పోసిన ఇంట్లో మందు మాటెత్తకూడదు గదా.

"ఉప్పేద్దామవ్వా."

"ఒళ్లంతా పొక్కులుంటే ఉప్పేస్తావా? నీకు పోసినప్పుడు ఏసింటే తెలిసుండు, సచ్చినోడా. మద్రాసులో చదివిందిదేనా?"

అక్క కండ్లు తుడుచుకుంటా నా తట్టు చూస్తాంది. సైన్సు చెప్తే ఈమె వినదు. అంగడికొచ్చినోళ్లంతా లోపలికొచ్చి చేపల్ని చూసి పోతాండిరి గదా, అది గుర్తొచ్చింది.

"అవ్వా, ఊరి కండ్లన్నీ వీటిమీదే పడినాయి. దిష్టన్నా తీయి."

ఆమె చేపల తట్టు చూసి లేచింది. "దిష్టికి తప్పులేదులే" అని పిడికెడు గల్లుప్పు తెచ్చి, తొట్టి చుట్టూ తిప్పి, నీళ్లలో వేసేదానికి చెంబు కోసం చూస్తాంది.

"నీళ్లు ఈడే ఉండాయి గదత్తా" అనింది మా అక్క, మెల్లగా.

అవ్వ తొట్లోనే వేసేసింది.

రోజూ ఆమె దిష్టి తీసేది, రోజూ నేను రబ్బరు గొట్టంతో అడుగు నీళ్లు లాగి కొత్తవి పోసేది. మన ఊరి ఎండకు నీళ్లు ఎట్లాగూ వెచ్చగానే ఉంటాయి, అదీ మంచికే అయింది. చుక్కలు రాలిపోయినాయి. మిగిలిన చేపలు మెతుకులకు ఎగబడతాంటే అక్క నవ్వి, తానూ తినేకి లేచింది.

ఆ తర్వాత బావ కొత్త చేపలు తెస్తే అవ్వ వాకిట్లోనే ఆపేసింది. "యాడాడ తిరిగొచ్చినాయో. కొన్నాళ్లు బానలో ఉండనీ, మేలుగుంటే అప్పుడు లోపలికి." నా పుస్తకాల్లో ఉండేదీ అదే మాట. ఇప్పుడన్నా వింటాదని, "అది అమ్మవారు కాదవ్వా, కంటికి కనపడని పురుగు" అంటి.

"నేను మాత్రం కనపడేదని అన్నానేందిరా?"

కొత్త చేపల్ని బానలోకి వదిలితి తల్లీ. నువ్వూ, నువ్వు సాకే జీవాలూ సల్లగుండండి... ఆ కిటికీ రెక్క రవ్వంత వేయి, ఎండ కండ్లలో పడతాంది.