స్టాప్‌వాచ్ పట్టిన చెయ్యి

సినిమాలో నల్లజాతి పరుగువీరుడు చివరికి గెలిచాడు. మనవరాలు చప్పట్లు కొట్టింది. ముప్పై ఏళ్లు పరుగుపందేల్లో స్టాప్‌వాచ్ పట్టిన తాతయ్య మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“మీ రోజుల్లోనూ మన తెల్లవాళ్లు నల్లవాళ్లని ఇలా ఆపేవారా తాతయ్యా?”

“పరిగెత్తనిచ్చేవాళ్లమమ్మా. ఒక నల్లమ్మాయి వంద మీటర్లలో రికార్డు కూడా కొట్టేసింది.”

“మరి పేరు రాశారా?”

“పైవాళ్లకి మింగుడుపడలేదు. వాచీ పాడైందని చెప్పమన్నారు. చెప్పాను.”

“ఆమె ఊరుకుందా?”

“ఒక్కసారి చూపించండి సార్ అని చెయ్యి చాపింది. జేబులోంచి బయటికి తీసేలోపే మీట నొక్కి సున్నాకి తెచ్చేశాను.”

మనవరాలు టీవీ కట్టేసింది.

“అయితే తన టైమెంతో ఆమెకి తెలీనే తెలీదా?”

“తెలీదు. పదకొండు పాయింట్ నాలుగు సెకన్లు. నాకొక్కడికే తెలుసు తల్లీ.”