ఉత్త గోలీలు పంచిన మనిషి

నా బిడ్డ నాలుగు వందల పది ఊదింది! ఇవాళ పొద్దున ఏడు గంటలకు, మా ఇంటి గడపలో నిలబడి ఊదింది. నమ్మలేక మూడుసార్లు ఊదించాను. మూడుసార్లూ, ఊపిరి జోరు కొలిచే మీటరులో ముల్లు నాలుగు వందలు దాటింది!

క్షమించండి. సంతాప సభలో మైకు పట్టుకొని ఇట్లా మొదలుపెట్టే ముసలోణ్ణి మీరు ఎక్కడా చూసి ఉండరు. ముందు వరుసలో సదానందం భార్య సుమిత్రమ్మ కూర్చొని ఉంది. అమ్మా, నీ దుఃఖం ముందర నేను సంబరం చేసుకోవడం లేదు. ఈ కబురు మొదట చెప్పాల్సింది ఆయనకే. "నాలుగు వందలు దాటిన రోజు నాకు ఫోన్ కొట్టాలె బిడ్డా, యాడున్నా ఎత్తుత" అని మా రజితతో అనేవాడు. పొద్దున అది ఫోన్ తీసి, ఆయన పేరు దాకా పోయి, అక్కడే కూలబడి ఏడ్చింది. ఎవరికి చెప్పాలి? ఆయన లేడు. అందుకే మీకు చెప్తున్నాను.

నా పేరు బక్కయ్య. మాది డోర్నకల్. ముప్పై నాలుగేళ్లు రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్ పని చేసి దిగిపోయినవాణ్ణి. చదువు ఐదో తరగతి. జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి, అంత దూరం భూపాలపల్లి నుంచి ఈ స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆయన ఇంటి ముందుకు వచ్చిన అన్నలారా, అక్కలారా! మనం ఒకరికొకరం ఏమవుతాం? కులం ఒకటి కాదు, ఊరు ఒకటి కాదు. మన ఇళ్లల్లో ఎవరో ఒకరికి దమ్ము ఉంది, అంతే. డాక్టర్లు ఆస్తమా అనే ఆ దమ్ము కోసం, సదానందం భుజాన సంచి వేసుకొని ఏడాది పాటు మన గడపలన్నీ తిరిగాడు.

ఎందుకు తిరిగాడో తెలియనివాళ్ల కోసం చెప్తాను. రక్తంలో కొవ్వు తగ్గించే గోలీ ఒకటుంది. గుండె జబ్బు వాళ్లు మింగేది. అది ఊపిరి గొట్టాల వాపును కూడా తగ్గిస్తుందేమో చూద్దామని డాక్టర్లు పరీక్ష పెట్టారు. వాళ్ల తరఫున ఇల్లిల్లూ తిరిగి గోలీలు పంచి, మన ఊపిరి లెక్క రాసుకుపోయే పని సదానందానిది. సగం మందికి ఆ గోలీ, సగం మందికి అదే రంగులో, అదే సైజులో మందు లేని ఉత్త గోలీ. ఎవరికి ఏది వచ్చిందో ఇచ్చేవాడికీ తెలియదు, మింగేవాడికీ తెలియదు. సంతకం పెట్టే రోజు ఈ మాట సదానందం మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తలలూపాం. ఊపాం గానీ, మంచిది మనకే వస్తుంది, ఉత్తది పక్కింటికి పోతుంది అని ఎవరికి వాళ్లం అనుకున్నాం. అనుకోలేదా? నేనైతే అనుకున్నాను.

మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు రజిత నూట ఎనభై ఊదింది. "దమ్ముకు మందు పీల్చే పంపు వాడుతున్నవా బిడ్డా?" అని అడిగాడు. వాడుతున్నానంది. "ఏదీ, జర చూపెట్టు" అన్నాడు. అది కుట్టుమిషన్ సొరుగులో, జాకెట్ గుడ్డల కింద దాచిన పంపు తీసి, నోట్లో పుసుక్కున కొట్టుకొని, వెంటనే ఊదేసింది. పీల్చనే లేదు! పదకొండేళ్లుగా నా బిడ్డ మందును గాలికి ఇస్తోంది. ఒక్కరం కూడా చూడలేదు. సదానందం తిట్టలేదు. ఒక ఖాళీ పంపు నా చేతికిచ్చి, "ముందు నువ్వు పీల్చు బాపూ, నువ్వు నేర్చుకుంటే బిడ్డకు సిగ్గు పోతది" అన్నాడు. నేను పీల్చి, దమ్ము ఆపలేక, దగ్గి, అరుగు మీద చతికిలబడ్డాను. రజిత పడీపడీ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని రోజులైందో! ఆ రోజు నుంచి వారం వారం వచ్చాడు. "గోలీ సంగతి దేవునికెరుక. పంపు మాత్రం ఒక్క పూట ఇడువద్దు" అనేవాడు. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టమని, తానూ బుగ్గలు పొంగించి ఎదురుగా నిలబడేవాడు.

ఇంకొకటి చెప్తాను. ఇది నా తప్పు. మా పక్కింటి అండాలు కూడా పరీక్షలో ఉంది. మూడో నెలలో ఆమె ఒక ఉపాయం చెప్పింది. "అన్నా, ఒకలకు మంచియి, ఒకలకు ఉత్తయి వచ్చినయనుకో. రెండు డబ్బాలు కలిపి పంచుకుంటే ఇద్దరికీ సగం న్యాయం దక్కుతది గదనే!" నాకు నచ్చింది. రెండు డబ్బాలూ చాటలో పోసి, కలిపి, చెరి సగం పంచాను. మంచి పని చేశానన్న సంతోషంతో సదానందం రాగానే నేనే చెప్పాను. ఆయన చాట వంక చూశాడు. నా వంక చూశాడు. "ఎంత పని చేస్తివి బాపూ" అని గోడకు ఆనుకున్నాడు. తర్వాత మా ముందరే డాక్టర్లకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. రజిత, అండాలు ఇద్దరి ఫలితం పక్కన పెట్టారు, డబ్బాలు కొత్తవిచ్చారు. ఆయన్ని మాత్రం సరిగా కనిపెట్టుకోలేదని నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. చెప్పకపోతే ఎవరికి తెలిసేది? అదే అడిగాను. ఏమన్నాడో వినండి. "నేను అబద్ధం రాస్తే, రేపు ఏదో ఊర్లె ఒక పిల్ల పనికిరాని గోలీని నమ్ముకొని కూసుంటది. ఆ పిల్ల నీకు కనవడదు, నాకు కనవడదు. అయినా ఉన్నది గద బాపూ!"

అట్లాంటి మనిషిని నేను ఏమన్నాను?

పోయిన నెల పరీక్ష ముగిసి కాగితాలు వచ్చాయి. అండాలుకు వచ్చింది మందు గోలీ. నా బిడ్డకు వచ్చింది ఉత్తది. నాకు ఒళ్లు మండింది. ఫోన్ చేసి, "ఏడాది పొడుగూ నా బిడ్డకు చక్కెర గోలీలు మింగిపిస్తివి గదరా" అన్నాను. ఎదిగిన కొడుకున్న మనిషిని 'రా' అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "నాకు సుత ఇయ్యాల్నే తెలిసింది బాపూ. బేస్తారం వస్త. బిడ్డతోని ఊదిపిద్దాం, ముల్లు ఏం చెప్తదో ఇందాం" అన్నాడు. ఆ బేస్తవారానికి ఒక్క రోజు ముందు, బుధవారం పొద్దున ఆయన గుండె ఆగింది.

అంతటితో ఆగానా? లేదు. అప్పటికే మా స్టేషన్ బయట చాయ్ దుకాణంలో కూర్చొని 'చక్కెర గోలీలోడు' అని ఆయనకు పేరు పెట్టాను. ఆ పేరు రైలెక్కింది, బస్సెక్కింది. అంత్యక్రియల నాడు, నా ముఖం తెలియని మనుషులు నా వెనకాల అదే పేరు పలుకుతుంటే విన్నాను. ఆ పేరు పుట్టించిన నోరు ఇదిగో, ఈ నోరే. సుమిత్రమ్మా, నన్ను చూడు. నేనే.

ఇప్పుడు చెప్పండి. ఉత్త గోలీ మింగిన పిల్ల నూట ఎనభై నుంచి ఇంత దూరం ఎట్లా వచ్చింది? ఎవరి చేతి చలువ అది? కొవ్వు గోలీ దమ్ముకు పనిచేస్తుందో లేదో ఇంకా తేలలేదట, ఇంకా ఎంతో మందికి ఇచ్చి చూడాలట. తేలేదాకా మీరు దుకాణంలో కొని మింగకండి, ఆయన ఉంటే ఈ మాట తప్పక చెప్పేవాడు. నాకు తెలిసింది ఒక్కటే. సదానందం ఎవరినీ మోసం చేయలేదు. గోలీలో ఏమీ లేకపోయినా, వచ్చే మనిషిలో అంతా ఉంది.

అందరూ లేచి నిలబడండి. దమ్ముతో నిలబడలేనివాళ్లు కూర్చొనే తలవంచండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడవద్దు. నిమిషం అయ్యాక మాత్రం నోరు మూసుకొని ఇళ్లకు పోవద్దు. నేను పుట్టించిన ఆ పేరు ఎవరెవరి చెవుల్లో పడిందో, వాళ్లకు నిజం చెప్పాలి. భూపాలపల్లి వాళ్లు, అక్కడి ఆయన తమ్ముడు ఐలేశ్‌కు చెప్పండి. జనగామ వాళ్లు, అన్న మీద అలిగి ఇవాళ సభకు రాని చెల్లెలికి చెప్పండి. తరిగొప్పులలో ఆయన అత్తగారికి, బావమరిదికి. మహబూబాబాద్‌లో ఆయన కొడుకుకు పిల్లనిస్తామని చెప్పి, ఇప్పుడు ఆలోచిస్తున్న వియ్యాలవారికి. ఆయన మేనమామకు, ఇద్దరు మేనకోడళ్లకు. ఇక ఈ ఇంటి వెనక గదిలో మంచం మీద ఉన్న ఆయన తల్లికి. ఆమెకు చెవులు సరిగా వినపడవు. దగ్గర కూర్చొని, గట్టిగా చెప్పాలి. ఆమెకు నేను చెప్తాను.