ఇంటివాళ్ల మాటకు విలువ కట్టిన డాక్టరమ్మ

1991 జూలై ఒకటిన మన ఆసుపత్రి జనరల్ వార్డులో డ్యూటీ డాక్టరుగా చేరిన మన డాక్టరమ్మగారు ఈ నెలాఖరున వైద్య విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. నరాల వైద్యంలో పైచదువు ముగించి వచ్చినప్పుడు పెద్ద ఆసుపత్రులు రమ్మన్నా, బేరానికి దిగకుండా గాలి రాని ఈ వార్డుకే తిరిగివచ్చారు. ఆ నిర్ణయంలో లాభం ఎవరిదో ఈ సంస్థకు బాగా తెలుసు.

డెంగీ అంటే ప్లేట్‌లెట్లేనని అందరూ లెక్క వేసుకుంటున్న కాలంలో, అది మెదడునూ వదలదని, జ్వరం దిగాకే అసలు కనిపెట్టి ఉండాలని ఆమె పోరేవారు.

ఒక వర్షాకాలం బట్టల కొట్టు యజమాని ఒకాయన తీవ్రమైన డెంగీతో చేరారు. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు మెల్లగా పెరుగుతున్నాయి, మంచాలకేమో కొరత. ఇంటికి పంపే కాగితాలు సిద్ధమయ్యాయి. సంచి సర్దుతున్న భార్యను, ఆయన ఎలా ఉన్నారని డాక్టరమ్మ అడిగారు.

"ఏమోనమ్మా, నిన్నటి నుంచి నా మాటకు ఎదురు చెప్పడం లేదు. ఏమన్నా సరే అంటున్నారు."

"అదృష్టవంతురాలివి అక్కా, ఇలాగే ఉంచుకో" అంది నర్సు. వార్డంతా నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇదివరకెప్పుడైనా ఇలా ఉన్నారా?"

"కొత్త కాపురంలో కూడా లేరమ్మా."

"అయితే ఈయన్ని ఇంటికి పంపం."

రక్తంలో సోడియం బాగా పడిపోయిందని, మెదడులో వాపు మొదలైందని పరీక్షల్లో తేలింది. సెలైన్‌ను ఆచితూచి ఎక్కిస్తూ, సోడియాన్ని తొందరపడకుండా పెంచారు. పరీక్ష కోసం వెన్ను నుంచి నీరు తీద్దామన్న జూనియర్‌ను, ప్లేట్‌లెట్లు ఇంకా తక్కువే, రక్తస్రావమైతే అసలుకే మోసమని ఆపారు. సాయంత్రానికి మూర్ఛ రానే వచ్చింది. మందు చేతికి అందేంత దూరంలో ఉంది. అదే మూర్ఛ ఇంటిదారిలో, బస్సులో వచ్చి ఉంటే, ఆ మనిషి దక్కేవారు కారు.

కొన్నాళ్లకు రోగి కళ్లు చిట్లించి భార్యను చూసి, "చొక్కా మడత పెట్టేది అలాగేనా?" అన్నారు. ఆమె ఆ చొక్కాలోనే మొహం దాచుకుని ఏడ్చింది.

అప్పటి నుంచి "మీ మనిషి మీ మనిషిలాగే ఉన్నారా?" అని ఇంటివాళ్లను అడగనిదే డెంగీ రోగి ఎవరూ ఈ గడప దాటలేదు. దానికి 'కాపురం పరీక్ష' అని పేరుపెట్టి నవ్వుకున్న జూనియర్లే నేడు ఇతర ఆసుపత్రుల్లో దాన్ని గర్వంగా నేర్పుతున్నారు.

డాక్టరమ్మగారి భర్తగారికి ఒక విన్నపం. ఇకపై ఆమెను కనిపెట్టుకోవలసినది తమరే. మీరేం చెప్పినా ఆమె సరే అనడం మొదలుపెడితే, ఆలస్యం చేయక ఇక్కడికి తీసుకురండి. అలాంటి రోజు రాకూడదని, ఆమె దీర్ఘకాలం ఆరోగ్యంగా, మీతో రోజూ గట్టిగా వాదిస్తూ చల్లగా ఉండాలని మా అందరి కోరిక.