నాగలింగాచారి కోడలి పన్ను

నాగలింగాచారని ఓ కంసాలి ఉండేవోడంట. అమ్మవారి కిరీటానికి బంగారం పూత పెట్టాలంటే చుట్టుపక్కల పది ఊళ్ళకీ ఆయనే దిక్కు. ఎలా పెడతాడంటే, బంగారాన్ని పాదరసంలో వేసి వెన్నలాగా నూరి, ఆ ముద్ద రాగి కిరీటానికి పట్టించి కొలిమి మీద కాలుస్తాడు. పాదరసమంతా పొగైపోద్ది, బంగారం అంటుకుని ఉండిపోద్ది. వాళ్ళ నాన్నా అదే పని చేశాడు. చేసి చేసి ఏమైందంటే, యాభై దాటకుండానే చేతులు వణుకుడు పట్టి, అన్నం ముద్ద నోటిదాకా పోయేది కాదంట ఆయనకి. ఈ కొడుకే తినిపించేవాడు. అందుకని పాదరసమంటే నాగలింగాచారికి కూడు పెట్టేదీ అదే, హడలగొట్టేదీ అదే అనుకో.

కోడలు ఈశ్వరి అయిదో నెల కడుపుతో ఉంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నిలిచిన కడుపమ్మా, ఇంటిల్లిపాదీ కళ్ళల్లో పెట్టుకు చూసుకుంటున్నారు. ఓ పొద్దున ఆ పిల్ల నవ్వితే దవడపంట్లో బూడిదరంగు మెరుపు కనబడింది ఈయనకి. అదేంటమ్మాయ్ అంటే, చిన్నప్పుడు పన్ను పుచ్చితే వెండి నింపారు మామయ్యా అంది. పాదరసం కలపందే వెండి అలా కూర్చోదని కంసాలోడికి తెలీదా? అప్పటికప్పుడు బస్సెక్కించి పట్నం తీసుకుపోయాడు, ఆ వెండిని పీకి అవతల పారెయ్యమని. ఆ పళ్ళ డాక్టరమ్మ దీపం వేసి చూసి, నేను ముట్టుకోనంది. ఇది గట్టిగా ఉంది, వెండితో కలిసి ఎప్పుడో బిగిసిపోయింది, దీంట్లోంచి వచ్చే ఆవిరి చాలా కొంచెం, తొలిస్తేనే ఎక్కువొస్తుంది, కడుపుతో ఉన్నప్పుడు కొత్తగా పెట్టం, ఉన్నదాన్ని కదపం అంది. ఈయన వింటాడా? ఆవిడ పాదరసాన్ని పుస్తకంలో చూసింది, నేను పుట్టినకాణ్ణుంచీ చూస్తన్నానని ఇంటికొచ్చి సన్నపు ఉలి తీశాడు. కోడలి నోట్లో మామగారు ఉలి పెట్టడం ఎక్కడన్నా విన్నారా? ఈయన పెట్టబోయాడు.

ఈశ్వరి బెదరలా. కొలిమి పక్కనే పొయ్యి, ఆ పొయ్యి దగ్గరే కూర్చుని ఉంది. తలెత్తి నెమ్మదిగా అడిగిందంట, "మామయ్యా, తాతయ్యగారి చేతులకి వణుకు పట్టించింది ముద్దా, పొగా?"

పొగేనమ్మా అన్నాడు.

"నా పంట్లోది చల్లగా పడుంది. ఈ కొలిమి రోజూ పొగ పెడతానే ఉంది. నేను రోజూ ఇక్కడే వండుతున్నాను."

తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన బిడ్డకి తన చేత్తోనే పొగ పెడతన్నానని అప్పుడు తెలిసింది పెద్దమనిషికి. ఉలి కిందపడేసి, మండే కొలిమి మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, ఆ బూడిదలోనే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడంట. మళ్ళీ పాదరసం ముట్టలా. ఆయనకి కూడు పెట్టే పనల్లా అదొక్కటే అయినా సరే.

ఆ ఏడు జాతరకి అమ్మవారు రాగి కిరీటంతోనే ఊరేగింది. ఊరోళ్ళు సణుక్కున్నారులే, సణుక్కోరా మరి. ఈశ్వరికి పండంటి ఆడపిల్ల పుట్టింది, ఈశ్వరేమో ఆ పంటితోనే ఇప్పటికీ చెరుకు నములుతుంది. కిరీటానికి పూత కావాలన్నది మనమమ్మా, ఆ అమ్మవారు ఎన్నడూ అడగలా.