పరస అయ్యాక వెళ్దామన్న నూకరత్నం

పెద్దలందరికీ నమస్కారం. జీడిపిక్కల షెడ్డు నుంచి పని మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకి నమస్కారం. ఇంత వానలో రోలుగుంట నుంచి, కొయ్యూరు నుంచి తడుస్తూ వచ్చిన నూకరత్నం బంధువులకి నమస్కారం. గంగులూ, నీకేం చెప్పమంటావు నాయనా? కట్టుకున్నదాన్ని పోగొట్టుకుని ఆ మూల కుర్చీలో కూర్చున్నావు. నీ ముఖం చూస్తూ మాట్లాడటం నా వల్ల కాదు. అందుకే అటు చూడను, ఏమీ అనుకోకు.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు సువర్ణమ్మ. కొయ్యూరులోనూ, ఆ తర్వాత ఇక్కడ నర్సీపట్నంలోనూ స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నూకరత్నం ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను చర్చికి వెళ్ళేదాన్ని, ఆమె అమ్మవారి జాతరకి, మన పరసకి, నెత్తిన ఘటం ఎత్తే మనిషి. అయితేనేం? పొద్దున్న లేస్తే "అప్పా" అని తోడబుట్టిన అక్కని పిలిచినట్టే పిలిచేది. ఇప్పుడు ఆ గోడ అవతల నుంచి పిలుపు లేదు. తెల్లారితే నా చెవి అటే పోతోంది. ఏం చెయ్యను?

సంతాప సభ అంటే పోయినవాళ్ళ మంచి చెప్పుకుంటాం, ఫోటోకి దండ వేస్తాం, టీ తాగి వెళ్ళిపోతాం. అది మర్యాద. నేను మర్యాద కోసం రాలేదండీ. ఒక మాట తేల్చుకోవడానికి వచ్చాను.

నూకరత్నం పోయిన దగ్గర్నుంచి మన వీధిలో ఒక మాట తిరుగుతోంది. "ఇశాపట్నం తీసికెల్లి కత్తెట్టించినారు, అందుకే పోనాది" అని. ఆ మాట తిరిగి తిరిగి రోలుగుంట దాకా వెళ్ళింది. అక్కడ నూకరత్నం చెల్లెలు రోజారమణి ఉంది. ఇదిగో, రెండో వరసలో గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మాయి. ఆమెకీ అక్కలాగే గర్భసంచిలో గడ్డలు. వచ్చే సోమవారం విశాఖలో చేరమని, ఆపరేషన్ చేస్తామని చెప్పారు. మొన్న పెద్దకర్మ రోజున నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నాను ఎల్లనప్పా. అక్కలాగే సచ్చిపోతాను" అంది. అత్తవారింట్లో కూడా వద్దంటే వద్దంటున్నారు.

ఎవరండీ ఆ మాట పుట్టించింది? నోరు ఊరుకోక ఎవరో ఒకరు అన్నారు, పదిమంది మోశారు. పోయినామె ఎలాగూ పోయింది, ఉన్నదాన్ని కూడా పంపించేస్తారా? నాకు ఒళ్ళు మండిపోతోంది. వినండి. నూకరత్నం ఒంటి మీద కత్తి పడలేదు. మళ్ళీ చెబుతున్నాను, పడలేదు. ఆఖరి ఊపిరి దాకా ఆమె మంచం పక్కన ఉన్నదాన్ని నేను. మరి దేనివల్ల పోయింది? అది చెబుతాను. ఇవి ఆడవాళ్ళ సంగతులు కదా అని మగవాళ్ళు లేచి బయటికి వెళ్ళకండి. ఈ రోజు మీరే ముందు వినాలి.

అసలు నూకరత్నం అంటే ఎవరు? నోరున్న మనిషి. షెడ్డులో ఆడపిల్లల్ని అడగండి, చెబుతారు. అక్కడ ఒకప్పుడు బాత్రూమ్‌కి తలుపు ఉండేది కాదు. గోనెపట్టా వేలాడేది. పొద్దున్న కూర్చుంటే భోజనాల గంట కొట్టేదాకా లేవకూడదని రూలు. ఎవరూ మాట్లాడలేదు. ఒక రోజు నూకరత్నం చేతిలో సుత్తి కింద పెట్టేసింది. "తలుపెట్టించీదాకా పిక్క కొట్టను. ఏటి సేత్తావో సేసుకో" అని మేనేజర్ ముఖం మీదే అంది. ఆమెని చూసి వరసలో అందరూ సుత్తులు కింద పెట్టేశారు. తలుపు వచ్చింది, గడియ వచ్చింది, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవొచ్చని ఒప్పుకున్నారు. అందరి కోసం అలా పోట్లాడిన మనిషి, ఆ తలుపు ముందుగా తనకే ఎందుకు కావాల్సి వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

గంటకోసారి గుడ్డ మార్చుకోవాల్సి వచ్చేదండీ ఆమెకి. నెలలో సగం రోజులు రక్తమే. ముదురు రంగు చీరలు తప్ప కట్టేది కాదు. కొంగున పచ్చి బియ్యం కట్టుకుని రోజంతా నమిలేది. షెడ్డులో పిల్లలు ఆటపట్టించేవాళ్ళు, "పిన్ని పెల్లిలో వానొచ్చుంతాది" అని. ఆమె కూడా నవ్వేది. ఒంట్లో రక్తం తగ్గిపోయినప్పుడు అలా పచ్చి బియ్యం, మట్టి, బలపం తినాలనిపిస్తుందని ఆ పిల్లలకేం తెలుసు? పక్కింట్లో నర్సు ఉంది కదా, నీకు చెప్పలేదా అంటారేమో. చెప్పలేదు. గోడ మీద నుంచి కూర గిన్నె ఇచ్చేది, ఇంట్లో సంగతులన్నీ చెప్పేది, ఇదొక్కటి చెప్పేది కాదు. ఎందుకంటే దానికి మందు తనకి దొరికిందనుకుంది.

ఏమిటా మందు? మీ అందరికీ తెలిసిందే. పరస రోజున ఘటం ఎత్తే ఆడవాళ్ళు, ఆ సమయానికి నెలసరి రాకుండా మెడికల్ షాపులో బిళ్ళలు కొనుక్కుంటారు. తల్లి కూతురికి చెబుతుంది, తోటికోడలు తోటికోడలికి చెబుతుంది. నూకరత్నమూ ఏటేటా వేసుకునేది. ఒక ఏడు ఆమెకి తోచింది, ఆ బిళ్ళ వేసుకున్నన్నాళ్ళు రక్తం ఆగుతోంది కదా అని. ఇక పరస లేకపోయినా మొదలుపెట్టింది. రక్తం ఎక్కువైతే బిళ్ళ. మానగానే అంతకంతా పోయేది, మళ్ళీ బిళ్ళ. నాకు తెలిశాక నెత్తీ నోరూ కొట్టుకుంటే, "అమ్మోరి కోసం ఏసుకున్న బిల్లప్పా, అది సెడ్డ సేత్తాదేటి?" అంది. ఆ బిళ్ళ చెడ్డదని నేనూ అనను. డాక్టర్లు కూడా కొన్నాళ్ళకి రాస్తారు. కానీ పరీక్ష లేదు, స్కానింగ్ లేదు, ఏళ్ళ తరబడి మింగడమే. రక్తం కాసేపు ఆగింది. లోపల గడ్డ ఆగలేదు.

కిందటి కార్తీక మాసంలో మా ఇంటి మెట్లెక్కి వచ్చి, ఆయాసంతో రొప్పుతూ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. గోళ్ళు చూశాను, కాగితంలా తెల్లగా ఉన్నాయి. కళ్ళ కింద రెప్ప లాగి చూశాను, ఎరుపే లేదు. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి స్కానింగ్‌కి తీసికెళ్ళాను. గర్భసంచిలో మూడు గడ్డలు. అందులో ఒకటి చిన్న కొబ్బరికాయంత. "ఓలమ్మ, కడుపులోనే పిక్కల షెడ్డు ఎట్టీసినాడేటప్పా దేవుడు" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డాక్టరమ్మ ఎంతో ఓపిగ్గా చెప్పింది. ఇది కాన్సర్ కాదమ్మా అంది. గర్భసంచి కండలోంచే పెరిగే గడ్డలు, చాలామంది ఆడవాళ్ళకి ఉంటాయి, బాధ పెట్టకపోతే ముట్టుకోనక్కర్లేదు అంది. నీకు మాత్రం రక్తం పోతోంది, ముందు రక్తం పట్టే మందులు, ఇంజెక్షన్లు తీసుకో, ఆ తర్వాత ఆపరేషన్ అంది. కొందరికి మందులతో సర్దుకుంటుంది, కొందరికి గడ్డ వరకే తీస్తారు, నీది ఇంత పెద్దది కాబట్టి సంచి తీయడమే మేలు అని చెప్పింది. అన్నిటికీ తలూపింది నూకరత్నం. బయటికి వచ్చి, "పరస అయ్యాక ఎల్దామప్పా" అంది.

కార్తీకం నుంచి పరస దాకా ఎన్ని నెలలండీ! మధ్యలో అడిగితే చెరుకు నరికే రోజులు, గంగులుకి కూడు ఎవరు వండుతారని. పరస అయ్యాక అడిగితే జీడిపిక్కల సీజన్ అని. ఇంజెక్షన్లకి ఒకసారి వచ్చింది, రెండోసారి రాలేదు. నేను తిట్టాను. వంటింట్లో గిన్నెలు విసిరికొట్టినంత పని చేశాను. అప్పుడు కూలబడి అసలు మాట చెప్పింది. సంచి తీయించుకున్న ఆడది ఘటం ఎత్తకూడదని ఎవరో అన్నారట. "సంచి తీసీసినాక అమ్మోరు నన్ను రానిత్తాదేటప్పా?" అని అడిగింది.

నేనేం చెప్పను? చర్చికి వెళ్ళేదాన్ని, మీ అమ్మవారి సంగతి నేనెలా చెప్పను? ఘటాలెత్తే పెద్దవాళ్ళనే అడుగు అన్నాను. ఆమె అడగలేదు. మేనేజర్‌తో పోట్లాడిన నోరు అక్కడ పెగలలేదు. సిగ్గు! ఆ సిగ్గుని తగలెయ్య!

ఇప్పుడు చెప్పబోయేది నా మాట కాదు. జోగులమ్మ గారు చెప్పమంటేనే చెబుతున్నాను. ముందు వరసలో కూర్చున్నారు చూడండి. పరసలో మొదటి ఘటం ఆవిడదే, ఆవిడ ఎత్తాకే మిగతావాళ్ళు ఎత్తాలి. నూకరత్నం పోయిన తర్వాత ఆవిడ మా ఇంటికి వచ్చారు. నేను ఘటం సంగతి చెప్పాను. అప్పుడు ఆవిడ అన్నారు, "నా సంచి తీసీసి శానా ఏల్లయిందమ్మా. ఆ తరవాతే కదా ఇన్ని పరసలకి ఘటమెత్తినాను. అమ్మోరు నన్నేటీ అన్నేదు. ఎవులూ అడగనేదు, నాను సెప్పనేదు" అని. అని, నా మంచం కోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. "సభలో నువ్వు సెప్పమ్మా, నాకు నోరాడదు" అన్నారు.

ఏం మనుషులమండీ మనం? ఏటేటా ఆ ఇద్దరూ నెత్తిన ఘటాలు పెట్టుకుని పక్కపక్కనే నడిచారు. ఇంత దూరం లేదు ఇద్దరి మధ్య. ఒక్క మాట అటు నుంచి ఇటు వచ్చి ఉంటే ఆమె ఈ రోజు మన మధ్య కూర్చుని ఉండేది. జోగులమ్మ గారిని ఎవరూ తప్పు పట్టకండి. ఇక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో సంచి తీయించుకున్నవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో నాకు తెలుసు. నర్సుని కదా. పేర్లు చెప్పను. మీ పక్కనున్న మనిషికి మీరే చెప్పండి.

ఇక ఆఖరి సంగతి. తొలకరి పడ్డాక షెడ్డులో కూర్చున్నచోటే వెనక్కి పడిపోయింది. ఆసుపత్రికి తీసికెళ్తే, పన్నెండు ఉండాల్సిన రక్తం నాలుగు ఉంది. వెంటనే అంబులెన్సులో విశాఖ పంపారు. నేనూ ఎక్కాను. దారిలో తాళ్ళపాలెం దాటాక కళ్ళు తెరిచి నా వైపు చూసింది. "వొచ్చీసినాను కదప్పా. ఇంక తిట్టకు" అంది. నేను తిట్టలేదండీ. తల నిమిరాను. అంతే చేయగలిగాను.

అక్కడ వెంటనే రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. ఈ స్థితిలో ఆపరేషన్ చేయలేం, ముందు రక్తం పెరగాలి అన్నారు. కానీ ఇన్నాళ్ళూ చాలని రక్తంతో కొట్టుకుని కొట్టుకుని గుండె అలిసిపోయింది. రెండో బాటిల్ సగంలో ఉండగా ఆగిపోయింది. ఆ పక్కనే ఉన్నాం, నేనూ గంగులూ. ఇదీ జరిగింది. ఆపరేషన్ చేస్తే చనిపోయిన మనిషి కాదు నూకరత్నం. ఆపరేషన్ దాకా బతకలేకపోయింది. ఈ మాటే బయటికి వెళ్ళి చెప్పండి. ఆ మాట మోసిన నోళ్ళతోనే ఈ మాటా మోయండి.

లోవరాజూ, నువ్వు రోజారమణి భర్తవి. నీకు భయం ఉంటుంది, ఉండదా మరి? వదిన శవాన్ని మోసినవాడివి. కానీ ఆలోచించు బాబూ. నీ భార్యకి గడ్డలు చిన్నవిగా ఉండగానే బయటపడ్డాయి. ఇంజెక్షన్లు వేయించుకుంటోంది, రక్తం తొమ్మిది దాకా వచ్చింది. గడ్డల వరకే తీస్తాం, సంచి ఉంచుతాం అన్నారు డాక్టర్లు. ఏ ఆపరేషనూ ఆటలు కాదు, అబద్ధం చెప్పను. కానీ మీ వదిన వాయిదా వేసి వేసి ఎక్కడికి చేరిందో నీ కళ్ళతో చూశావు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటే, వాళ్ళని నా దగ్గరికి పంపించు. నేను మాట్లాడుకుంటాను.

రోజారమణీ, ఇటు చూడమ్మా. ఇంతమందిలో నిన్ను సమాధానం అడగను. సోమవారం పొద్దున్న ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విశాఖ బస్సు దగ్గర బట్టలు సర్దుకుని నేనుంటాను. నువ్వు వస్తే నీతో వస్తాను, నీ మంచం పక్కనే ఉంటాను. మీ అక్క పక్కన ఉన్నాను. దాన్ని ఇంటికి తెచ్చుకోలేకపోయాను. నిన్ను తెచ్చుకుంటానే తల్లీ. నన్నొక్కసారి నమ్ము.

ఇంక నా వల్ల కాదు. చెప్పాల్సింది చెప్పాను. అందరూ లేవండి. నూకరత్నం కోసం రెండు నిమిషాలు మాట లేకుండా నిలబడదాం. గంగులూ, లే నాయనా. జోగులమ్మ గారూ, నా చెయ్యి పట్టుకోండి. లోవరాజూ, నువ్వు నీ భార్య పక్కకి వెళ్ళి నిలబడు.

రోజారమణీ, నువ్వు లేవకు. నీ ఒంట్లో ఇంకా రక్తం పూర్తిగా పట్టలేదు, కళ్ళు తిరుగుతాయి. మీ అక్క ఏమీ అనుకోదు. నువ్వు కూర్చో, మేమంతా నిలబడతాం.