ఆఖరి రెండు కిలోమీటర్లు

బళ్ళారి సత్యనారాయణపేట మెకానిక్ షెడ్డులో మధ్యాహ్నం మూడయింది. పొద్దున్నుంచి వంగి వంగి నడుము పట్టేసిన మెకానిక్, ఆ చిన్న టర్బో కారు బానెట్ కిందనుంచి తల బయటికి తీసి, కారు తెచ్చిన కుర్రాడి వైపు చూశాడు.

"రెండు నెలల కింద కొన్న పాత బండే గదప్పా ఇది? ఇంజనుకు జోరిచ్చే టర్బోలోనుంచి ఆయిల్ కారతాండాది."

"పాతదైనా పికప్పు ఉండాదని కొన్నానన్నా. అది బాగుచేసి, జోరు పెరిగేట్టు ట్యూనింగ్ గూడా చెయ్. ఇంకా బిరీన పోవాల."

"యాడికి, రేసుకా?"

"మా ఊరు హచ్చొళ్ళి నుంచి మా నాయన్ని ఈడికి డయాలసిస్‌కు తెస్తాండా, వారానికి మూడుతూర్లు. లేటయితే బెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆసుపత్రి కాడికి అదే స్పీడులో వచ్చి, టక్కున ఇంజను ఆపేస్తాండావు గదా?"

"నాయన్ని పట్టుకొని లోపలికి నడిపియ్యాల గదన్నా."

"అదే దీన్ని తినేసింది. టర్బో నిప్పు మాదిరి కాగుంటాది. చల్లారనీకుండా ఆపితే లోపల ఆయిల్ మాడిపోతాది. ట్యూనింగ్ చేస్తే ఇంకా కాగుతాది. నడిదోవలో నిలబడిపోతే బెడ్డు ఎట్లా దొరుకుతాది?"

"మరి ఏం జేయాల?"

"టర్బో మారుస్తా, ట్యూనింగ్ మాత్రం చెయ్యను. ఇంట్లో పది నిమిషాలు ముందు బయల్దేరు. బళ్ళారి చేరినాక ఆఖరి రెండు కిలోమీటర్లు మెల్లగా తోలు. దానంతటదే చల్లారతాది."

కుర్రాడు కారు తలుపుకు ఆనుకున్నాడు.

"మా నాయన గూడా అదే అంటాడన్నా. బజార్లోకి వచ్చినాక మెల్లగా పోనీరా, మనుషుల్ని చూసుకుంటా పోతా, తర్వాత నాలుగు గంటలు బెడ్డు మీద పండుకొని ఫ్యానే గదా చూసేది అంటాడు."

"నువ్వేమంటావు?"

"టైం లేదు నాయనా అంటా."