సున్నా వచ్చిన జాబితా

దక్షిణ తైవాన్‌లో ఒక కొండ మండలం ఆఫీసు. మధ్యాహ్నం రెండు దాటింది, సాయంత్రానికి తుఫాను తాకుతుంది. పైఊరి జనాన్ని పొద్దుటి నుంచి లోయలోని బడికి తరలిస్తున్నారు. గదిలో ఇద్దరే: సెక్షన్ ఆఫీసరు గూ, కంప్యూటర్ రికార్డులు చూసే రుయ్‌ఛిన్.

"ఇంకా తిరుగుతూనే ఉందా అది?"

"తిరుగుతోంది సార్. మీరు నా వెనక నిలబడి నిట్టూర్చినంత మాత్రాన త్వరగా రాదు."

"అది కాదక్కా, మూడింటికి వంతెన మూసేస్తారు. పైఊళ్ళో ఇంకా ఎవరున్నారో పేర్లిస్తేనే సైన్యం ట్రక్కు పైకెళ్తుంది. మనం ఇవ్వకపోతే డ్రైవరు వెనక్కి తిప్పుకుని పోతాడు."

"తెలుసు. రికార్డుల టేబుల్‌ని ఎవరో పట్టుక్కూర్చున్నారు, అందుకే నేనడిగిన క్వెరీ కదలట్లేదు. ఆగండి... జిల్లావాళ్ళు. పదేళ్ళ రిపోర్టు తీస్తున్నారు. ఇవాళే తీరింది వాళ్ళకి!"

"ఆపెయ్."

"ఆపితే ఫోన్ చేసి తిడతారు."

"నన్ను తిట్టమను. ఆపెయ్యక్కా, ఆపెయ్."

"ఆపేశా. ఆ... ఇదిగో, వచ్చింది."

"ఎంతమంది మిగిలారు?"

"సున్నా."

"సున్నానా? అమ్మయ్య! అందరూ దిగొచ్చేశారన్నమాట. ట్రక్కు అక్కర్లేదని చెప్పేస్తా."

"ఫోన్ కింద పెట్టండి సార్."

"మళ్ళీ ఏమైంది?"

"ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నా. సున్నా ఒక్కసారి కూడా రాలేదు. పోయినేడు ఇంతకన్నా పెద్ద తుఫానుకి కూడా ముగ్గురు కదలమని మొండికేశారు."

"ఈసారి భయపడ్డారు. వచ్చేశారు. అంతే."

"లై అవ్వ వచ్చిందా? కోళ్ళని వదిలి? పొద్దున బడి దగ్గర పేర్లు రాసింది మీరే కదా, చూశారా ఆవిణ్ణి?"

"చూశా... చూశాననుకుంటా. అందరూ రెయిన్‌కోట్లలో ఉన్నారు, ఎవరెవరో ఎలా తెలుస్తుంది?"

"ఆవిడ గొంతు తెలుస్తుంది సార్. రెండు వీధుల అవతలికి తెలుస్తుంది."

"అక్కా, టైము చూడు."

"చూస్తున్నా. పైఊళ్ళో ఉండాల్సినవాళ్ళు రెండొందల పన్నెండు. పట్నంలో పనులకి పోయినవాళ్ళని నిన్ననే తీసేశా. బడిలో రాసినవి రెండొందల అయిదు. మరి ఏడుగురు ఏరీ?"

"లెక్క తప్పేమో."

"తప్పలేదు, రెండుసార్లు చూశా. నేను అడిగిన తీరులోనే ఏదో ఉంది... మీరలా అటూ ఇటూ తిరగకండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. పొద్దుటి నుంచి ఎవరికి సార్ అన్ని ఫోన్లు?"

"ఎవరికీ కాదు."

"ఎత్తట్లేదా?"

"టవర్ పోయినట్టుంది. నువ్వు నీ పని చూడు."

"నా పనే చూస్తున్నా. అరె! దొరికింది. బడి జాబితాలో ఒక వరుసకి గుర్తింపు నంబరు లేదు. ఖాళీ."

"ఒక్క ఖాళీకే ఇంత గొడవా?"

"ఇంత గొడవే. మనం కంప్యూటర్‌ని ఏమడిగాం? పైఊరివాళ్ళలో ఎవరి నంబరు బడి జాబితాలో కనపడట్లేదు, అని. ఖాళీ అంటే దానికి 'తెలియదు' అని అర్థం. లై అవ్వ నంబరు పట్టుకుని కంప్యూటర్ చూస్తుంది. నంబరున్న రెండొందల నాలుగు వరుసల్లో లేదు. ఆ తెలియనిది మాత్రం అవ్వదే అయ్యుండొచ్చు కదా! రాలేదని గట్టిగా చెప్పలేక వదిలేస్తుంది. ఇంకొకళ్ళని చూస్తుంది, మళ్ళీ అదే. అలా అందర్నీ వదిలేసి సున్నా అంటుంది."

"అసలు నంబరు లేకుండా ఎలా తీసుకుంది? మునుపు తీసుకునేది కాదుగా?"

"కాదు. నేనే మార్చా. పోయినేడు ముసలాళ్ళు గుర్తింపు కార్డులు మర్చిపోయి గంటసేపు వానలో నిలబడ్డారు, చూడలేక ఆ అడ్డు తీసేశా. ఈ క్వెరీని కూడా సరిచెయ్యాలని తట్టలేదు. తప్పు నాదే, రేపు తిట్టండి."

"నేను తిట్టట్లేదక్కా. నేనెందుకు తిడతా..."

"ఆ వరుస ఎవరిదో తర్వాత చూద్దాం. ముందు ఖాళీని పక్కనపెట్టి అడుగుతా... వచ్చాయి. లై అవ్వ. చెప్పానా! ఫాన్ దంపతులు. జోంగ్ వాళ్ళింట్లో నలుగురు, అందులో ఒకటి మూణ్ణెల్ల పాప."

"పాపా?"

"పాపే. జోంగ్ వాళ్ళ వీధి వాగు పక్కనే."

"ఇందాక నేను ట్రక్కు వద్దని చెప్పేసి ఉంటే..."

"చెప్పలేదుగా. కూర్చోండి, మంచినీళ్ళు తాగండి. అయితే ఒకటి. ఏడు రావాలి, ఎనిమిది వచ్చాయి. ఎనిమిదోది గూ యొంగ్‌ఫా. మీ ఇంటిపేరే."

"పైఊళ్ళో సగం మంది గూలే."

"ఆగండాగండి. ఆ నంబరు లేని వరుస కూడా ఈయనదే. గూ యొంగ్‌ఫా, తొమ్మిదీ పదికి రాశారు. కార్డు తెచ్చుకోలేదు, అందుకే రెండు చోట్లా వచ్చాడు. అంటే మనిషి బడిలో క్షేమంగా ఉన్నాడు. లెక్క సరిపోయింది, ఏడుగురే. ఈ పేరు కొట్టేస్తున్నా."

"ఊఁ."

"ఏంటి సార్, ఊఁ అంటే? కొట్టెయ్యనా?"

"వాన పెద్దదయింది."

"అవును, అందుకే తొందర. డ్రైవరు లైన్లో ఉన్నాడు. హలో, రాసుకోండి. ఏడుగురు, మూడిళ్ళు. ఆ మూడిళ్ళకే వెళ్ళి దిగిపోండి, ఇంకెక్కడా ఆగొద్దు. ఒకటి, లై వాళ్ళిల్లు..."

"తేనెపెట్టెల ఇల్లు కూడా చెప్పు."

"ఏ తేనెపెట్టెలు? ఒక్క నిమిషం ఉండండి బాబూ, మా ఆఫీసరు ఏదో అంటున్నారు. సార్, అక్కడ ఎవరూ లేరు కదా? జాబితాలో మూడిళ్ళే. మీకు బాగాలేదా?"

"పెట్టెలు వదిలి రానన్నాడు. రానంటే జరిమానా వేస్తారని చెప్పా. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా, వచ్చినట్టు రాసెయ్యరా తమ్ముడూ అన్నాడు. ఆ ఖాళీ వరుస రాసింది నేనే. మా అన్న రాలేదక్కా. ఎనిమిదిమంది అని చెప్పు."